చారల డాక్టరు చెప్పని మాట

ఒక మాట చెప్పాల్సిన చోట చెప్పకుండా నిలబడిపోయాను. పెద్ద మాట కూడా కాదు. "అమ్మా, ఈ చారలు కాన్పయినవాళ్ళకే కాదు, పెళ్ళికాని పిల్లలకీ వస్తాయి, మగాళ్ళకీ వస్తాయి." అంతే. నాకా సంగతి తెలుసు. అడిగినావిడ నా ఎదురుగానే ఉంది. నేను చెప్పలేదు.

ఆ తర్వాత జరిగింది మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. పహిల్వాన్ల కథ అంటారు. కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలోనే, టీ తాగుతూ, ఆ కథ వినిపిస్తారు. అందులో హీరోని నేనే. ఈమధ్య ఉద్యోగం వదిలి పెందుర్తిలో మందుల కొట్టు పెట్టుకుంటున్నానని తెలిసి నాకు వీడ్కోలు సభ చేశారు. అప్పుడూ మైకు పట్టుకుని అదే కథ. మెడలో దండతో నేను పెళ్ళికొడుకులా ముసిముసిగా నవ్వుతూ కూర్చున్నాను.

మందుల కిటికీ వెనక నిలబడే పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళ కోసం ఆ కథని సరిచేసి రాస్తున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి. నాకూ ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇన్నేళ్ళు నా తప్పు ఎవరి కంటా పడకపోవడానికి ఆ నవ్వే కారణం.

డెబ్భైల్లో మాట. సీతమ్మధారలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అందులో నేను కంపౌండర్ని. అప్పట్లో అన్నీ ట్యూబుల్లో వచ్చేవి కావు. ఒంటికి రాసే లేపనాలు చాలావరకు మేమే పాలరాతి పలక మీద వేసి, చదునైన చాకుతో రుద్ది రుద్ది కలిపేవాళ్ళం. మా చర్మ డాక్టరుగారు బక్కపల్చటి మనిషి. మాట మాత్రం పదును. కడుపుతో ఉన్నవాళ్ళకి పొట్ట సాగి దురద పెడుతుంటే రాసుకోవడానికి ఒక లేపనం కలపమన్నారు. కొబ్బరినూనె, తేనెమైనం, గొర్రె ఉన్నినుంచి తీసే కొవ్వు కాస్త. నేను సొంత తెలివితో రెండు చుక్కలు గంధం అత్తరు చేర్చాను.

"ఇది దురదకి, చర్మం మెత్తబడ్డానికి. చారలకి కాదు. గుర్తుంచుకో" అన్నారు డాక్టరుగారు.

గుర్తుంచుకున్నాను. గుర్తుంచుకునే, కిటికీలోంచి సీసా అందిస్తూ "చారలకమ్మా" అని చెప్పేవాణ్ణి. దురదకి అంటే ఆడవాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు. చారలకి అంటే వాళ్ళ కళ్ళు వెలిగేవి. ఆ వెలుగు నా మీద పడేది. పాతికేళ్ళ వయసు, ఆపైన తెల్లకోటు. ఇంకేం కావాలి?

చారలు ఎందుకొస్తాయో డాక్టరుగారు నాకు ఓపీ మధ్యలో చెప్పారు. కాలి మేజోడు ఊడదీసి, దాని అంచుని రెండు చేతులా బార్లా లాగి చూపించారు. "పైన నూలు బాగానే ఉంది కదా? లోపల రబ్బరు దారం తెగింది. ఇక్కడ వదులైపోయిన గీత కనబడుతోందే, అదీ చార. మన చర్మం కిందపొర కూడా ఇంతే. మెల్లగా సాగితే సర్దుకుంటుంది, తొందరపెడితే తెగుతుంది. పైనుంచి ఎంత నూనె పూస్తే తెగిన దారం అతుక్కుంటుంది, చెప్పు?"

"మరి వీటికి మందు లేదా సార్?"

"మొదట ఎర్రగానో ఊదాగానో ఉంటాయి. ఏడాదో రెండేళ్ళో పోతే వాటంతటవే తెల్లబడి, ఉన్నాయో లేవో అన్నట్టవుతాయి. పూర్తిగా మాత్రం పోవు. కాలమే వాటికి మందు. దాన్ని సీసాలో పొయ్యడం నీవల్లా కాదు, నావల్లా కాదు."

"ఎవరెవరికి వస్తాయి?"

"చర్మం కన్నా ఒళ్ళు తొందరపడ్డ ప్రతివాళ్ళకీ. కడుపుతో ఉన్నవాళ్ళకి, ఉన్నట్టుండి లావెక్కినవాళ్ళకి, కండలు పెంచేవాళ్ళకి, పదహారేళ్ళప్పుడు తాటిచెట్టులా లేచిపోయే పిల్లలకి. కొన్ని ఇళ్ళల్లో అది వరస. తల్లికుంటే కూతురికీ రావచ్చు."

తాటిచెట్టు అనగానే నా నడుం జివ్వుమంది. పదహారో ఏట ఒక్క వేసవిలో నా ఫుల్ ప్యాంట్లన్నీ మోకాళ్ళ కిందికొచ్చి ఆగిపోయాయి. ఆ ఏడే నా నడుం వెనక, అడ్డంగా, నిచ్చెన మెట్లలా చారలు పడ్డాయి. బెత్తంతో కొట్టారా అని మా ఇంట్లో బడి మేస్టారి మీదికి యుద్ధానికి కూడా వెళ్ళబోయారు. అప్పట్నుంచి సముద్రంలో మునిగినా బనీను విప్పలేదు. ఇక చారలకి మందిచ్చే మనిషినయ్యాక విప్పుతానా?

నా వైభవం మాత్రం రోజురోజుకీ పెరిగింది. కాలం తన పని తాను చేసుకుపోతూ అందరి చారలూ తెల్లబరుస్తుంటే దండలు నాకు పడేవి.

"ఏటి బాబూ నీ సేతి మహిమ! ఎర్రగా వానపావుల్లాగుండేవి, ఎల్లిపోయాయంటే ఎల్లిపోయాయి!"

పోర్టు క్వార్టర్సులో ఉండే గోదావరి జిల్లా ఇల్లాళ్ళు పూతరేకులు తెచ్చేవారు, కృష్ణా జిల్లావాళ్ళు గోంగూర పచ్చడి తెచ్చేవారు. ఒకావిడ బుట్టలో బతికున్న పీతలు తెచ్చి కిటికీలో పెడితే, అవి బయటికొచ్చి మందు చీటీలన్నీ తొక్కి పారేశాయి. నాకు 'చారల డాక్టరు' అని పేరొచ్చింది. అసలు డాక్టరుగారు ఒకరోజు కిటికీ దగ్గరి గుంపు చూసి, "నీ ప్రాక్టీసు బాగుందయ్యా. నన్ను కంపౌండరుగా పెట్టుకుంటావా?" అన్నారు. ఆయన అన్నది వెక్కిరింపని నాకు అర్థమైంది. అయినా ఆ పూటంతా గాల్లో నడిచాను.

మా ఆసుపత్రిలోనే నర్సుల ట్రైనింగ్ బడి ఉండేది. పెళ్ళికాని ఆడపిల్లల్నే చేర్చుకునేవాళ్ళు. అది ఆనాటి రూలు. ఆ ఏడు ఫిషింగ్ హార్బర్ వైపునుంచి ఒక అమ్మాయి సీటు తెచ్చుకుంది. మనిషి నిలువెత్తుగా, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. వాళ్ళమ్మ వేలంలో చేపలు పాడుకుని ఊళ్ళో అమ్మేది. ఆవిడ గొంతు ఎంత పెద్దదంటే మా వరండాలో మామూలుగా మాట్లాడితే పై అంతస్తులో రోగులు లేచి కూర్చునేవారు. చేరే ముందు ఒంటి పరీక్ష ఉంటుంది. ఆ వారం లేడీ డాక్టరు సెలవు, మా చర్మ డాక్టరుగారేమో శ్రీకాకుళం వైపు క్యాంపుకి వెళ్ళారు. అందుకని పరీక్ష మేట్రన్ గారే చేశారు.

మేట్రన్ గారు గోదావరి మనిషి. చెడ్డావిడ కాదు. ఆ ముందటేడు ఒకమ్మాయి పెళ్ళయిన సంగతి దాచిపెట్టి చేరితే పై వాళ్ళ చేత చీవాట్లన్నీ ఈవిడే తింది. ఆ భయం పోలేదు. ఆవిడ గబగబా నా కిటికీ దగ్గరికొచ్చింది. అప్పుడు నా ఎదురుగా అయిదారుగురు ఆడవాళ్ళు ఖాళీ సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏవండీ కంపౌండరుగారూ, చారల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంటారు కదండీ. ఆ హార్బరు పిల్లకి తొడల మీదా నడుం మీదా ఇవే చారలున్నాయండీ. పెళ్ళి కాలేదంటోంది. కాన్పు కాకుండా ఇవి వస్తాయంటారా?"

ఆ అమ్మాయి నాలుగడుగుల వెనకే, స్తంభం పక్కన, ఓణీ చెంగు రెండు చేతులతో పిండుతూ నిలబడి ఉంది. నేను చూశాను. సీసాల ఆడవాళ్ళు చెవులు ఇటు పెట్టారు. వస్తాయి అంటే? వీళ్ళల్లో ఒకావిడ తప్పకుండా అడుగుతుంది, మరయితే నీ మందెందుకు బాబూ, నీకెలా తెలుసు బాబూ, అని. మాట మీద మాట పెరిగి నా బనీను దాకా వస్తుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆలోచించుకుని, పెద్దమనిషిలా గొంతు సవరించుకుని అన్నాను:

"నా దగ్గరికి మందుకొచ్చేవాళ్ళంతా తల్లులేనండీ."

చూశారా తమ్ముళ్ళూ, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అంత నిజం చెప్పి అంత అన్యాయం చేసినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

"ఆయ్. అదే కదండీ నేనూ అనుకున్నది" అని మేట్రన్ గారు వెనక్కి తిరిగారు.

వరండాలో తుఫాను లేచింది. "నా గుంటకి పెళ్ళే అవనేదు, పిల్లెక్కడిదమ్మా! ఏటి మాటాడతన్నావ్? ఎవులు సెప్పారు నీకు?" అని ఆ తల్లి అరుస్తోంది. మేట్రన్ గారు సోమవారం కమిటీ కూర్చుంటుందనీ, అక్కడ తేలుస్తారనీ, తేలకపోతే సీటు ఇంకొకరికి పోతుందనీ చెబుతోంది. తల్లి ఆఖరికి కూతురి రెక్క పట్టుకుని మెట్లు దిగింది. దిగుతూ ఆ అమ్మాయి వెనక్కి తిరిగి మేట్రన్ని చూడలేదు. నన్ను చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉండలేక పాత ఊళ్ళో తాలింఖానాకి వెళ్ళాను. నా చిన్ననాటి స్నేహితుడొకడు పోర్టులో కలాసీ. పగలు ఓడల్లో బస్తాలు మోసి, సాయంత్రాలు అక్కడ కుస్తీ పట్టేవాడు. ఉస్తాద్ ఒక పెద్దాయన. పగలు చిన్న కొట్లో గడియారాలు బాగుచేసేవాడు. చేతివేళ్ళతో వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకునే ఆ మనిషే సాయంత్రం పూట ఎద్దుల్లాంటి కుర్రాళ్ళని ఎత్తి కుదేసేవాడు.

నన్ను చూడగానే మావాడు మట్టి ఒంటితోనే పరిగెత్తుకొచ్చాడు. "బావా! సరిగ్గా టయానికొచ్చావ్. నాకూ ఒక సీసా ఇయ్యరా నీ మందు."

"నీకెందుకురా? అది ఆడవాళ్ళకి."

"ఆడోళ్ళకేటి, సూడు!" అని చెయ్యి పైకెత్తాడు. చంకముందు, రొమ్ము అంచున, భుజం చుట్టూ ఎర్రటి చారలు. పులి పంజాతో గీరినట్టుంది. "దండీలు ఎక్కువ తియ్యమన్నాడు ఉస్తాదు. తీసాను. కండొచ్చింది, దాంతోపాటు ఇవొచ్చాయి. నాకొక్కడికే అనుకున్నావేటి? ఒరేయ్, ఇలగ రండ్రా అందరూ! చారల డాక్టరొచ్చాడు!"

అందరూ వచ్చారు. లంగోటీలతో వరసగా నిలబడ్డారు. ఒకడికి భుజాల మీద, ఒకడికి వీపు మీద, లావు తగ్గించుకోవడానికి చేరిన ఒక మిఠాయి కొట్టాయనకి పొట్ట చుట్టూ పూర్తి ప్రదక్షిణం. నేను ఆ మట్టిలోనే కూలబడి పడీ పడీ నవ్వాను. నవ్వుతూనే ఆ అమ్మాయి సంగతి చెప్పేశాను.

మావాడి నవ్వు ఆగిపోయింది. "అయ్యో, పాపం. మరి నువ్వేటి సెప్పావ్?"

"నన్నెవరూ అడగలేదురా" అన్నాను.

ఇది రెండోసారి. మొదటిసారి అసలు మాట దాచాను. ఈసారి నోరు తెరిచి అబద్ధమాడాను.

"అయితే సోమారం మనోళ్ళందర్నీ అట్టుకెళ్ళి సూపించు. కాన్పు సారలైతే మా అందరికీ పురుడు పొయ్యమను!" అన్నాడు వాడు. ఎత్తు నాదని అందరూ అంటారు. కాదు. వాడిది. ఇది కూడా సరిచేసుకోండి.

ఉస్తాద్‌ని ఒప్పించడం కష్టమైంది. ఆసుపత్రి అనగానే పహిల్వాన్లందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"సూది వేస్తారా భాయ్?" అన్నాడు ఉస్తాద్ గొంతు తగ్గించి.

"వెయ్యరు."

"ఖుదా కసమ్?"

"ఒట్టు. చొక్కా విప్పి నిలబడటమే."

"చొక్కా విప్పడమా? అది మా రోజువారీ పనే" అని ఉస్తాద్ మీసం దువ్వాడు. "ఆడపిల్ల ఇజ్జత్ కీ బాత్. చలో, అందరూ వస్తారు."

సోమవారం పొద్దున పాత ఊరినుంచి సీతమ్మధారకి పహిల్వాన్ల ఊరేగింపు. రిక్షాకి ఇద్దరు చొప్పున ఎక్కారు. మొదటి ఎత్తు రాగానే ఒక రిక్షావాడు బండాపి ఏడుపు మొహం పెట్టాడు. "బాబూ, నాను బస్తాలు మోసాను, పెళ్ళిళ్ళు మోసాను. ఇది నా వల్ల కాదు." ఉస్తాద్ అందర్నీ దింపాడు. రిక్షావాణ్ణి సీటు మీద కూర్చోబెట్టి మావాళ్ళే తోసుకుంటూ ఎత్తెక్కించారు. మా ఆసుపత్రి గేటులోకి మొట్టమొదట ప్రవేశించింది, కాలు మీద కాలేసుకుని బీడీ కాలుస్తున్న ఆ రిక్షావాడే. వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు.

డాక్టరుగారు క్యాంపునుంచి వచ్చేసి ఉన్నారు. నేను "కొత్త పేషెంట్లు సార్" అని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒకడి చొక్కా విప్పించారు, చూశారు. రెండోవాడు, మూడోవాడు. నాలుగోవాడి దగ్గర తలెత్తి నన్ను చూసి, "ఏంటయ్యా ఇది, ఊరేగింపా?" అన్నారు. హార్బరు అమ్మాయి విషయం చెప్పాను. నా జవాబు సంగతి తప్ప అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మేట్రన్ గారినీ, కమిటీవాళ్ళనీ ఒక్కసారి ఇటు రమ్మను. ఆ అమ్మాయినీ, తల్లినీ కూడా" అన్నారు.

వచ్చారు. గదిలో గోడ పొడుగునా, చొక్కాలు చంకలో పెట్టుకుని, ఫోటో దిగుతున్నట్టు ఛాతీలు పొంగించి పహిల్వాన్లు. మేట్రన్ గారు గుమ్మంలో ఆగిపోయి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"రండి మేట్రన్ గారూ" అన్నారు డాక్టరుగారు చాలా మర్యాదగా. "వీళ్ళని వెంటనే ప్రసూతి వార్డులో చేర్చుకోవాలి. ఏం బాబూ, నీకు ఎన్ని కాన్పులు?"

మావాడు చేతులు కట్టుకుని వినయంగా, "నాకింకా పెళ్ళే అవనేదండి" అన్నాడు.

"నీకయ్యా?"

"తొలిచూలే సార్" అన్నాడు మిఠాయి కొట్టాయన పొట్ట నిమురుకుంటూ.

ఉస్తాద్ మాత్రం ప్రశ్న పూర్తిగా అర్థంకాక, "నాకు అయిదుగురు సార్, మాషా అల్లా" అన్నాడు గర్వంగా.

మేట్రన్ గారికి నవ్వు ముందు ముక్కులోంచి వచ్చింది. ఆపుకోబోయింది. ఆగలేదు. బల్ల పట్టుకుని వంగి నవ్వింది, టోపీ పడిపోయింది, "ఓరి నాయనో, ఆయ్, ఇంక చాలండీ బాబూ" అంటూ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. కమిటీవాళ్ళు నవ్వారు, వరండాలో రోగులు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా రిక్షావాడు కూడా నవ్వాడు. డాక్టరుగారు తన మేజోడు మళ్ళీ ఊడదీసి అందరికీ పాఠం చెప్పారు. "ఈ అమ్మాయి పొడుగు చూడండి. ఇంత ఎత్తు ఒక్కసారిగా ఎదిగితే చర్మం ఏం చేస్తుంది?"

అప్పుడు మేట్రన్ గారు చేసిన పని నేను మర్చిపోలేను. టోపీ తీసి పెట్టుకోకుండానే ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి, అందరిముందూ, "తప్పు నాదమ్మా. నాకు తెలీదు. అడగాల్సిన డాక్టర్ని అడక్కుండా మాట అనేశాను" అంది. సీటు ఖాయమైంది. తల్లి మేట్రన్ని తిట్టడానికి దాచుకున్న తిట్లన్నీ ఎక్కడికక్కడ మింగేసి, "నేదులేమ్మా, నువ్వూ ఆడదానివే గదా" అంది.

నేను అదే గదిలో ఉన్నాను. తెలియకపోవడం వల్ల తప్పు చేసినావిడ క్షమాపణ చెప్పింది. తెలిసి చేసినవాడు గోడకి ఆనుకుని మెచ్చుకోళ్ళు అందుకుంటున్నాడు. "పాపం, ఆరోజు నేనడిగితే ఈయనకీ తెలీలేదు. అయినా ఊరంతా వెతికి తెచ్చారు చూడండి" అని మేట్రన్ గారే కమిటీకి చెప్పింది. నేను తల వంచుకున్నాను. దాన్ని అందరూ వినయం అనుకున్నారు. ఆ తల్లి మర్నాడు నిలువెత్తు కోనెం చేప తెచ్చి నా కిటికీలో పడుకోబెట్టింది. కూతురు మాత్రం నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆ వారం నుంచి నా కిటికీకి కలాసీలు, పహిల్వాన్లు, పోలీసు పరీక్షకి కసరత్తు చేసే కుర్రాళ్ళు క్యూ కట్టారు. మందుకి గిరాకీ రెట్టింపయింది. డాక్టరుగారు పిలిచి, ప్రతి సీసా మీదా 'దురదకు మాత్రమే' అని నా చేత్తోనే రాయించారు. అయినా తీసుకెళ్ళేవాళ్ళు. రాసింది ఎవరు చదువుతారు? మీకొకటే చెబుతాను: ఇప్పుడు కొట్లలో రకరకాల ట్యూబులొచ్చాయి. కొన్ని ఘాటైన స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్లు నెలల తరబడి పూస్తే చారలు పోవడం అటుంచి, చర్మం పల్చబడి కొత్త చారలు వస్తాయి. గజ్జి తామరల కోసం ఎవరో చెబితే పూసుకుని తొడలు చీరేసుకున్నవాళ్ళని చూశాను. కౌంటర్ మీదికి వంగి ఎవరైనా "చారలకేమైనా ఉందా" అంటే, ఉన్న మాట చెప్పండి. వాళ్ళ కళ్ళు వెలగకపోతే వెలగకపోయాయి.

ఆ అమ్మాయి ట్రైనింగ్ ముగించి అక్కడే నర్సయింది. ఎనభైలు వచ్చేసరికి వార్డు మొత్తం ఆవిడ చేతిలో ఉండేది. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. దెబ్బలు తగిలినవాళ్ళు లారీల్లో దిగేవారు, ఆవిడ కంగారుపడకుండా పనులు పురమాయించేది. నాతో పని ఉంటే "కంపౌండరుగారూ, ఫలానా మందు" అనేది. అంతకుమించి ఒక్క మాట లేదు. గౌరవం అనుకుని సరిపెట్టుకున్నాను.

వీడ్కోలు సభలో మైకులో పహిల్వాన్ల కథ సాగుతుంటే, 'ఎన్ని కాన్పులు' దగ్గర హాలు ఘొల్లుమంది. అందరూ నవ్వుతుంటే ఆవిడ లేచి బయటికెళ్ళింది. ఆ వెళ్ళడం చూశాక దండ బరువెక్కింది. తీసి కుర్చీ మీద పెట్టి వెనకాలే వెళ్ళాను. వార్డులో దుప్పట్లు లెక్క చూసుకుంటోంది.

"సిస్టర్, ఒక మాట చెప్పాలి. ఆరోజు మేట్రన్ గారు అడిగినప్పుడు నాకు తెలుసు. నాకూ ఉన్నాయి ఆ చారలు" అన్నాను.

ఆవిడ దుప్పటి మడత ఆపలేదు. "తెలుసు" అంది.

"తెలుసా?"

"మీకు కామెర్లొచ్చి చేరినప్పుడు నడుముకి సూదేసింది నాను కాదేటి? నిచ్చెనమెట్లలా ఉన్నాయి. ఎప్పటివో పాతవి, తెల్లగా." ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ఇంటి భాషలో మాట్లాడ్డం అదే మొదలు. "సెప్తారేమోనని సూసాను. ఆ ఏడు సూసాను. మరుసటేడు సూసాను."

భూమి చీలితే బాగుండనిపించింది. "క్షమించండి" అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"సీటు పోనేదు గదా, అంతా నవ్వుకున్నారు గదా, అనుకుంటారు మీరు. ఆరోజు ఇంటికెళ్ళాక మాయమ్మ తలుపేసింది. అంతమందిలో నా తరపున అరిచిన మనిషే, దీపం అట్టుకుని నా ఒళ్ళంతా ఎతికింది. నిజం సెప్పవే అని కాళ్ళట్టుకుంది. సోమారం అయ్యాక మాయమ్మ సిగ్గుపడిపోయింది. ఇప్పటికీ నా మొకం నిదానంగా సూడదు. కూతుర్ని అనుమానించానని ఆవిడకి బెంగ. ఆ అనుమానం ఆవిడకెక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకి తెల్దు, మేట్రనమ్మకే తెలీక అందనుకుంటాది. తెలిసినోడు ఒకడు అక్కడున్నాడని తెల్దు. నాకు కాదు బాబూ సెప్పాల్సింది. ఎల్లి మాయమ్మకి సెప్పండి."

తెల్లారి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. వేలం జోరుగా ఉంది. పడవలనుంచి గంపలు దిగుతున్నాయి, ఐసు పెళ్ళలు ధనధన పడుతున్నాయి, పాటగాడు ఊపిరి తిప్పుకోకుండా రేట్లు అరుస్తున్నాడు. ఆ తల్లి జుట్టు నెరిసినా గొంతు నెరవలేదు. రొయ్యల గంప కోసం ఇద్దరు మగాళ్ళతో పోటీపడుతోంది. నన్ను చూసి మొహం చేటంత చేసుకుంది.

"ఓలమ్మో, సారల డాక్టరు! ఏటి బాబూ ఇలగొచ్చావ్? సేప కావాలా?"

"అమ్మా, నీతో ఒక మాట..." అన్నాను మెల్లగా.

"ఏటీ? ఇనపడట్నేదు!"

"ఆరోజు ఆసుపత్రిలో..."

"గట్టిగా సెప్పు బాబూ! ఇది హార్బరు, గుడి కాదు!"

చుట్టూ నవ్వారు. కూతురు డ్యూటీకి వెళ్ళేముందు వచ్చినట్టుంది, తెల్ల చీరలో కాస్త దూరంలో ఐసు బండి పక్కన నిలబడి ఉంది. నేను ఊపిరి పీల్చుకుని, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాను. పాటగాడు ఆగిపోయాడు. గంపలెత్తేవాళ్ళు ఎత్తినవి ఎత్తినట్టే పట్టుకుని చూశారు.

"అమ్మా! ఆ చారలు కాన్పువి కావని ఆరోజే నాకు తెలుసు! నా ఒంటి మీదే ఉన్నాయి! తెలిసి కూడా నా గొప్ప పోతుందని చెప్పలేదు! నువ్వు నీ కూతుర్ని అనుమానించలేదమ్మా, నేను నీ చేత అనుమానించేలా చేశాను! తప్పు నీది కాదు, ఆ పిల్లది కాదు, మేట్రనమ్మది కూడా కాదు! నాది! నన్ను క్షమించు!"